మీసాల చేపలకు మర్యాద

భూపాడ్యమి

నీటి వేడి సరిగ్గా ఉంది. రంగు తేటగా ఉంది. చేపలు ఆరోగ్యంగా ఉన్నాయి.

ఈ దినచర్యలో ఇంతకుమించి ఒక్క ముక్క రాయకూడదని నీటి కచేరీవాళ్ళు ప్రతి పేజీ నెత్తినా అచ్చువేశారు. ఆ అచ్చువేసినవాళ్ళెవరూ మా కొత్తలంకలో ఒక్క పూటైనా కాపురం చెయ్యలేదు. చేసుంటే పేజీ ఇంకాస్త పెద్దది ఇచ్చేవాళ్ళు. అందుకని నేను రాస్తాను. చదవడం, చదవకపోవడం వాళ్ళ ఖర్మ.

నా పేరు మంగతాయారు. లంక నడిమధ్యలో ఉన్న గాజుతొట్టికి కాపలాదారుని. మా పెద్దలు కోనసీమ నుంచి చంద్రుడి మీదకు వచ్చినప్పుడు తాము కట్టుకున్న గుమ్మటాలకు లంకలని పేరు పెట్టారు గానీ, చుట్టూ పారడానికి గోదావరిని తెచ్చుకోలేకపోయారు. ఉన్న కాసిని నీళ్ళూ ఈ తొట్టిలోంచే తిరగాలి. వంటిళ్ళలో వాడిన నీరు ముందు ఇసుకలో ఇంకి, మొక్కల వేళ్ళ మధ్య నుంచి నా చేపల మధ్యకు వచ్చి, తేటపడి మళ్ళీ కుళాయిల్లోకి పోతుంది. చేపలు హాయిగా ఉంటే ఆ నీళ్ళు మేమూ తాగొచ్చు.

తొట్టిలో పైన తిరిగే ఎర్రతోకల చేపలున్నాయి. అవి మొండి ఘటాలు, వాటికేమీ కాదు. నా దిగులంతా అడుగున తిరిగే లోచ్‌ల గురించే. నారింజరంగు ఒంటిమీద నల్లని పట్టీలు, మూతి చుట్టూ మీసాలు, అందుకే లంకలో వీటిని మీసాల చేపలంటారు. పొలుసులు మరీ సన్నం కాబట్టి నీళ్ళలో ఏ తేడా వచ్చినా ముందు వీటి ఒంటికే తెలుస్తుంది. గుంపుగా ఉంటేనే బతుకుతాయి, మెత్తని ఇసుక ఉంటేనే మీసాలు చెడకుండా ఉంటాయి, దూరడానికి గొట్టాలు లేకపోతే బెంగపెట్టుకుంటాయి. వీటిలో అన్నిటికంటే పెద్దదాన్ని లంకంతా పెద్దాయన అంటుంది. వచ్చినప్పుడు నా చిటికెనవేలంత ఉండేవాడు, ఇప్పుడు జానెడు దాటాడు. వాడంటే నాకు ప్రాణం. ఇందులో దాచుకునేదేమీ లేదు.

మా ఆకాశంలో పెరిగేదీ తరిగేదీ భూమే కాబట్టి మా తిథులన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. భూమి నిండుగా కనిపించే పౌర్ణమినాడు కచేరీ నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడని ఈవేళ కబురొచ్చింది. ఒక్క లోచ్ జబ్బుగా కనిపించినా తొట్టి మూసేసి, కుళాయిలకు మందు డబ్బాలు బిగిస్తారు. చేపలను కూరపాదుల ఎరువుగుంటలో వేస్తారు. నిరుడు మెట్టలంకలో ఇదే చేశారు. ఆ డబ్బా నీళ్ళతో కాచిన చారు నేను తాగాను. పథ్యం మందు దానికంటే రుచిగా ఉంటుంది.

భూతదియ

ఈవేళ పొద్దున్నే అబ్బులు లంక మైకులో పెద్దాయన కాలం చేశారని ప్రకటించాడు. అబ్బులు అంటే పంపులు చూసే మనిషి. తొట్టి పక్కనుంచి పోతూ పెద్దాయన ఇసుకమీద ఒక పక్కకు ఒరిగి పడి ఉండటం చూశాడట. నన్ను అడగొచ్చు. అడగలేదు. నేరుగా మైకు పట్టుకున్నాడు.

నేను వెళ్ళేసరికి లంకలో సగంమంది తొట్టి చుట్టూ నిలబడి ఉన్నారు. కొందరైతే తలస్నానాలు కూడా చేసేశారు. వారానికి సరిపడే నీళ్ళు ఒక్క గంటలో అయిపోయాయి.

"లోచ్‌లు అలాగే పడుకుంటాయి అబ్బులూ. ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అన్నాను.

"చెప్పారండి. కానీ ఈసారి మరీ తృప్తిగా పడుకున్నారండి. బతికున్నోళ్ళు అంత తృప్తిగా పడుకోరు గదండీ," అన్నాడు అబ్బులు.

అంతలో పెద్దాయన లేచి, మీసాలు దులుపుకుని, గొట్టంలోకి వెళ్ళిపోయాడు. తలస్నానాలు చేసినవాళ్ళు కాస్త నొచ్చుకున్నట్టే కనిపించారు.

అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు గానీ, అబ్బులు అన్న తృప్తి నాకు నచ్చలేదు. మొక్కల మీద నత్తలు గుత్తులు గుత్తులుగా పెరిగాయి. నత్త కనిపిస్తే లోచ్‌లు వదలవు. గుల్లలోంచి లాగి తింటాయి. ఈవేళ పెద్దాయన ముక్కు ముందు నుంచే ఒక నత్త నడిచిపోయింది. వాడు దానికి దారి ఇచ్చాడు. నేను వేసేది రోజుకు ఒక్క చెంచా మేత. దాంతో అంత కడుపు నిండదు.

నీళ్ళలో పరీక్ష పుల్ల ముంచితే లేతపచ్చ రంగు వచ్చింది. పసుపు రావాలి.

భూచవితి

దొంగ దొరికాడు. మా ఇంట్లోనే.

నేను మొక్కల వెనక ఫెర్న్ ఆకులు కత్తిరిస్తుంటే మా ఆయన గవర్రాజుగారు అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి మూత ఎత్తారు.

"ఏవండీ, చేతిలో ఏంటది?" అన్నాను ఆకుల్లోంచి.

ఆయన ఉలిక్కిపడి, "సున్నుండే. నేను తింటన్నాను," అన్నారు.

"తినేవారు తొట్టి మూతెందుకు తీశారు?"

"నువ్వే చూడవే. ఎదురుగా అంతమంది మీసాలేసుకుని మన నోరే చూస్తా ఉంటే ఒక్కణ్ణే ఎలా తినమంటావ్? పెట్టకుండా తింటే అరుగుద్దా మనిషికి? ఒక్క చిటికెడే వేశాను."

ఈయన ఒక్కరే అయితే ఎంత బాగుండేది. ఎందుకైనా మంచిదని ఇల్లిల్లూ తిరిగి అడిగాను. లంకలో ఏ గుమ్మం తొక్కినా ఒకటే జవాబు, ఒక్క చిటికెడే. పొద్దున పిల్లలను బడికి దింపి వస్తూ ఒకరు, పాదులకు నీళ్ళు పెట్టి వస్తూ ఒకరు, ఉత్తి పుణ్యానికి ఒకరు. ఒకరు పెడుతున్నట్టు ఇంకొకరికి తెలియదు. అందరికీ పాపం చేపలు పస్తులుంటున్నాయనే బాధ. తాయారు పిసినారి, రోజుకు ఒక్క చెంచాతో సరిపెడుతుందని నా వెనక చెప్పుకుంటున్నారని కూడా ఈ తిరుగుళ్ళలోనే తెలిసింది.

లంకకు పెద్దదిక్కు వరహాలమ్మ పిన్ని. ఆవిడ మాట అందరూ వింటారు కదా అని ఆవిడ దగ్గర మొరపెట్టుకున్నాను. నన్ను కూర్చోబెట్టి ముందు రెండు గారెలు తినిపించింది.

"మా గుమ్మం ముందు నించి పోయేవోణ్ణి తిన్నావా అని అడక్కుండా పంపలేదే ఈ నోరు. అలాటిది నేను తాగే నీళ్ళు కడిగిపెట్టేవోళ్ళని అడక్కుండా ఎలా పోతాను? సిగ్గుండొద్దా?" అంది.

"మీరు పెట్టింది మిగిలి ఇసుకలో కుళ్ళుతోంది పిన్నీ. ఆ విషం నీళ్ళలో కలుస్తోంది. పౌర్ణమికి తనిఖీ ఉంది."

"అయితే తొందరగా బలం పట్టేలా పెట్టాలి," అంది పిన్ని, మూడో గారె నా చేతిలో పెడుతూ.

భూసప్తమి

మూతకు తాళం వేశాను. మేత వేయరాదు అని బోర్డు పెట్టాను. రెండు రోజులు లంకలో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. సరే, మాట్లాడకపోతే పోయారు, నా చేపలు బతుకుతాయి కదా అనుకున్నాను.

ఈవేళ తొట్టిలోకి వచ్చే నీరు పసుపుపచ్చగా వచ్చింది. వాసన చూస్తే ఇంగువ. అబ్బులు చేత గొట్టాల జల్లెడ విప్పించాను. అందులో మెతుకులు, మెత్తగా నలిపిన బూరెలు, పీచు లేకుండా తీసిన కాయగూర ముక్కలు. నేను తొట్టి మూత వేసేశానని మా జనం తూముల్లోంచి వడ్డిస్తున్నారు. అదీ నమలలేవని నలిపి మరీ.

అబ్బులు జల్లెడ కడుగుతూ తల ఎత్తలేదు.

"నువ్వు కూడానా?" అన్నాను.

"పులిహోరండి. మిరపకాయ తీసేశానండి," అన్నాడు.

లోచ్‌లు అడుగు వదిలేసి పైకి వచ్చి గాలి మింగుతున్నాయి. పెద్దాయన రెక్కమీద ఉప్పురవ్వలాంటి తెల్లమచ్చలు నాలుగు కనిపించాయి. ఈ జబ్బుకు మందుంది గానీ లోచ్‌ల చర్మానికి అది పూర్తి మోతాదులో పడదు. సగమే వేసి, నీటి వేడి రెండు డిగ్రీలు పెంచాను. ఇంటికొచ్చాక నాకు అన్నం సహించలేదు. ఆ సంగతి పొరపాటున బయటికి చెప్పాను. పక్కింటి నుంచి మూడు రకాల కూరలొచ్చాయి.

భూనవమి

మచ్చలు పెరిగాయి. పెద్దాయన గొట్టానికి ఒళ్ళు రుద్దుకుంటున్నాడు. పరీక్ష పుల్ల ముదురుపచ్చ.

తిట్టి చూశాను, తాళం వేసి చూశాను, శాస్త్రం చెప్పి చూశాను. తినమనడం పాపం ఎలా అవుతుందో ఈ మనుషులకు అర్థం కాదు. వీళ్ళకు ఏ మాట చెబితే ఎదుటివాడి విస్తట్లో వడ్డించడం ఆపుతారా అని పొద్దంతా ఆలోచించాను. సాయంత్రానికి తట్టింది. వెంటనే వెళ్ళి మైకు పట్టుకున్నాను.

మీసాల చేపలు ఎల్లుండి ఏకాదశికి ఉపవాసం ఉంటున్నాయని, ఈ పూట నుంచే నియమం పట్టాయని చెప్పాను. ఉపవాసం ఉన్నవాళ్ళకు తిండి ఆశ చూపిస్తే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుందో మీకు తెలియంది కాదన్నాను.

భూఏకాదశి

ఒక్క మెతుకు రాలేదు. తూముల్లోంచి కూడా. తొట్టి ముందు నుంచి పోయేవాళ్ళు చేతిలో తినేదేమైనా ఉంటే చెంగు చాటున దాచుకుని పోతున్నారు. వరహాలమ్మ పిన్ని కుర్చీ తెచ్చుకుని తొట్టి పక్కనే కూర్చుంది. తోడు ఉపవాసమట.

మధ్యాహ్నానికి చిన్న లోచ్ ఒకటి నత్తను పట్టింది. సాయంత్రానికి ఇంకో రెండు. సంతోషంగా ఉన్నప్పుడు లోచ్‌లు టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తాయి, గాజుకు చెవి ఆనిస్తే వినిపిస్తుంది. ఈవేళ ఆ చప్పుడు మళ్ళీ విన్నాను. పెద్దాయన మాత్రం గొట్టంలోంచి బయటికి రాలేదు.

ఇంత తెలివి నాకు ఎక్కడ నుంచి వచ్చిందా అని నాకే ముచ్చటేసింది. పడుకోబోయే ముందు మా ఆయనకు కూడా చెప్పుకున్నాను.

భూద్వాదశి

నా తెలివి మండిపోను. ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళకు ద్వాదశి పారణ ఉంటుందన్న సంగతి మర్చిపోయాను.

తెల్లవారేసరికి లంకంతా తొట్టి ముందు ఉంది. గిన్నెలు, పళ్ళేలు, బుట్టలు. అరిసెలు, పులిహోర, పరమాన్నం, దద్దోజనం. ఉపవాసం ఉన్నవాళ్ళ చేత పారణ చేయించకపోతే ఫలం దక్కదని ఒక్కరికీ సందేహం లేదు. తాళంచెవి ఏదీ అని ఒకరు అడుగుతుండగానే ఇంకొకరు తాళాన్నే ఊడదీశారు.

నేను మూతమీదకు ఎక్కి కూర్చున్నాను. వెనక నుంచి ఎవరో బూరె విసిరారు. ఈ చంద్రుడి మీద ఏదీ గబుక్కున కింద పడదు. ఆ బూరె తీరిగ్గా అందరి తలల మీదుగా కప్పు దాకా లేచి తొట్టి మూల ఖాళీ వైపు తిరిగింది. నేను ఎగిరి గుమ్మటం కప్పు దగ్గర దాన్ని పట్టుకుని మళ్ళీ కిందకు దిగేసరికి మూత ఎత్తేసి ఉంది, నా చోట్లో వరహాలమ్మ పిన్ని చెయ్యి, ఆ చేతిలో పరమాన్నం.

"పిన్నీ, వద్దు," అన్నాను. "ఒక్కసారి వాణ్ణి చూడు."

పెద్దాయన ఇసుకమీద పక్కకు ఒరిగి ఉన్నాడు. ఈసారి అది నిద్ర కాదు. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి, ఒళ్ళంతా తెల్లమచ్చలు. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ కూర్చుని ఏడ్చాను. మీరు వేసిన ప్రతి చిటికెడూ వాడి మీద పడిందని, ఇంకొక్కటి పడితే వాడు పోతాడని, పౌర్ణమికి మిగతావాటిని కూడా ఎరువుగుంటలో వేస్తారని చెప్పాను.

పిన్ని కళ్ళు తుడుచుకుంది గానీ, పరమాన్నం చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. అది ఆవిడ వశంలో ఉన్నట్టు లేదు. సరిగ్గా అప్పుడే అబ్బులు ఆవిడ భుజం పక్కనుంచి పులిహోర ముద్దతో చెయ్యి చాపాడు.

పిన్ని వాడి చెయ్యి మీద ఠపీమని కొట్టింది. "నేను వడ్డిస్తన్న విస్తట్లో నీ చెయ్యేంట్రా?"

అబ్బులు చెయ్యి వెనక్కి పోయింది. బోర్డుకు ఆగనివాడు, తాళానికి ఆగనివాడు, నా ఏడుపుకు కూడా ఆగనివాడు ఆ ఒక్క మాటకు సిగ్గుతో చచ్చిపోయి, "తప్పయిపోయిందండి," అన్నాడు.

నేను ముక్కు తుడుచుకుని లేచి నిలబడ్డాను.

"ఇంతకీ ఈ చేపలు ఎవరింటి అతిథులు?" అని అడిగాను. "ఒకరింటికి భోజనానికి వచ్చినవాళ్ళకు ఇంకొకరు వడ్డిస్తే ఆ ఇంటివాళ్ళ మొహం ఏమైపోతుంది? వీటికి ఇన్నాళ్ళూ ఒక ఇల్లంటూ లేదు కాబట్టి ఇలా అయ్యింది. ఇక నుంచి రోజుకొక ఇల్లు. ఆ రోజు ఇవి ఆ ఇంటికి వచ్చినట్టే. నేను కొలిచిచ్చిన మేత ఆ ఇంటివాళ్ళే తమ చేత్తో వడ్డించాలి. ఇంకెవరైనా చిటికెడు వేస్తే నన్ను కాదు, ఆ ఇంటివాళ్ళను అవమానించినట్టు. వరస పిన్ని ఇంటి నుంచి మొదలు."

పిన్ని చుట్టూ ఒకసారి చూసింది. నెమ్మదిగా పరమాన్నం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈవేళ మా అతిథులకి ఒంట్లో బాలేదు," అంది అందరితో. "మా ఇంట్లో ఎవరికేం పెట్టాలో నాకు తెలుసు. మీరెళ్ళండి."

భూత్రయోదశి

వంతు అబ్బులు ఇంటిది. వాడు జల్లెడ ముందే చాప వేసుకుని కూర్చుని ఏ ఇంటి తూములోంచి మెతుకు వస్తుందా అని చూస్తున్నాడు. ఒక్క మెతుకు వచ్చింది. అది ఎవరి తూమో కనిపెట్టి, ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి, మా ఇంటి వడ్డన మీకు చాల్లేదా అని అడిగాడు. పాపం వాళ్ళు గిన్నె కడిగారంతే. సాయంత్రానికి లంకలో గిన్నెలు కడిగే ముందు తుడిచే అలవాటు మొదలైంది. మా ఆయన సున్నుండ తింటూ తొట్టి దరిదాపుల్లోకి పోతే వరహాలమ్మ పిన్ని చేతికర్రతో అదిలించిందట.

తొట్టిలో సగం నీళ్ళు తోడి కొత్తవి పోయాలి. కొత్త నీళ్ళెక్కడివి? ఎవరూ అడగకుండానే రెండు రోజుల స్నానాల నీళ్ళు తెచ్చి ఇచ్చారు. అతిథికి ఒంట్లో బాగోకపోతే స్నానం మానుకోవడం పెద్ద విషయం కాదన్నారు. ఇసుక అడుగున పేరుకున్న కుళ్ళంతా గొట్టంతో లాగేశాను. బిందెడు వచ్చింది.

మచ్చలు కొన్ని రాలాయి. పరీక్ష పుల్ల లేతపచ్చ.

భూపౌర్ణమి

తనిఖీ అధికారి పేరు ఓబులేసు. రాయలసీమ వాళ్ళు కట్టుకున్న గుమ్మటం నుంచి వచ్చాడు. నీళ్ళంటే దేవుడి గదిలో అడుగుపెట్టినట్టు ఉంటాడు. నవ్వడు, కూర్చోడు, ఏమీ పుచ్చుకోడు. లంకంతా అతని వెనక నిలబడింది.

పుల్ల ముంచాడు. చాలాసేపు చూశాడు. పసుపు. నేను మనసులో దండం పెట్టుకున్నాను.

తర్వాత గాజు మీదకు వంగాడు. పెద్దాయన సరిగ్గా అప్పుడే ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు.

"ఏమ్మా, ఇది సచ్చిపోయినట్టుండాదే," అన్నాడు ఓబులేసు, జేబులోంచి ఎర్ర ముద్ర తీస్తూ.

"నిద్రపోతున్నాడండి."

"చేప ఇట్ల పండుకుంటాదా ఏడన్నా?"

నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు, నిద్రో కాదో. మొప్పలు కదులుతున్నట్టే ఉన్నాయి, కదలనట్టూ ఉన్నాయి. ఆ రోజు వంతు మూల ఇంటి కొత్తకోడలు శ్యామలది. ఆ పిల్ల ముందుకొచ్చి, "మా వాళ్ళకి భోజనం వేళయిందండి, పక్కకి జరుగుతారా?" అంది అధికారితో. జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికే తెలిసుండదు. ఆ పిల్ల నేను కొలిచిన మేత వేసింది. మేత గింజలు తీరిగ్గా కిందకు దిగుతున్నాయి. అవి దిగినంతసేపూ నేను బతికి లేను.

పెద్దాయన మీసం కదిలింది. లేచాడు. ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక్క వంపు తిరిగి, మేత దగ్గరకు వెళ్ళి, ఇసుకలోకి మూతి పెట్టి తినడం మొదలుపెట్టాడు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. చప్పుడు గాజు ఇవతలకు వినిపించింది, టిక్కు టిక్కుమని. ఓబులేసు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"మా తావున నీళ్ళుండాయి గాని, నీళ్ళల్లో ఏమీ లేదమ్మా," అన్నాడు లేచి. ఎర్ర ముద్ర జేబులో పెట్టేసి పచ్చది తీసి తనిఖీ కాగితం మీద వేశాడు. వంతుల సంగతి విని అదే కాగితం మీద రాశాడు కూడా, ఈ పద్ధతి ఇట్లే సాగల్ల, వంతు లేనోళ్ళు ఎవురూ మేత ఎయ్యగూడదు అని.

ఏమీ పుచ్చుకోని ఆ మనిషి లంక దాటడానికి సాయంత్రమైంది. పదకొండు ఇళ్ళలో తిన్నాడు. వాహనం ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

భూబహుళ విదియ

పొద్దున్నే అలవాటు కొద్దీ చెంచాడు మేత తీసుకుని మూత ఎత్తాను. నన్ను చూడగానే లోచ్‌లన్నీ గాజు దగ్గరకు వచ్చేశాయి. పెద్దాయన అందరికంటే ముందు. ఇన్నేళ్ళుగా వాడు పొద్దున మొదట చూసేది నా చేతినే.

నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు. చూస్తే వరసలో ఆరో ఇంటి సూరీడమ్మ.

"ఏంటి తాయారుగారూ, ఈవేళ మా వంతు గదండీ."

"నాకు తెలుసమ్మా. నేను వేసేది..."

"మేం పెట్టుకోలేమనా? మా ఇంటి చెయ్యి అంత తేలిగ్గా ఉందేంటండీ?"

అబ్బులు వచ్చాడు. పిన్ని కర్రతో వచ్చింది. అందరూ న్యాయం సూరీడమ్మ పక్కనే ఉందన్నారు. అధికారి కాగితంలో కూడా ఉందన్నారు. మా ఇంటి వంతు ఎప్పుడని అడిగాను. వరస పిన్ని ఇంటి నుంచి మొదలుపెట్టింది నేనే కాబట్టి చుట్టూ తిరిగి మా ఇంటికి వచ్చేది అన్నిటికంటే చివరనట. అప్పటికి భూమి ఒకసారి తరిగి మళ్ళీ నిండుతుంది.

కొలిచిన చెంచా సూరీడమ్మ చేతికిచ్చాను. ఆవిడ వడ్డించింది. పెద్దాయన నా వైపు ఒకసారి చూసి, ఆవిడ వైపు వెళ్ళిపోయాడు. బాగా తిన్నాడు. ఆరోగ్యంగా, నిగనిగలాడుతూ తిన్నాడు. నాకు కావలసింది అదే కదా. అయినా అక్కడ నిలబడలేకపోయాను.

ఇంటికొచ్చి మా ఆయనకు అన్నం పెట్టాను. ఆయన చాలు చాలంటున్నా వినకుండా మూడుసార్లు మారు వడ్డించాను.